ముళ్లపంది పిలిచిన విందు

ముళ్లపందిని అడవిలో ఎవరూ విందుకు పిలిచేవారు కాదు. పక్కన కూర్చుంటే ముళ్లు గుచ్చుకుంటాయని అందరికీ భయం. "వాళ్లు పిలవకపోతేనేం, నేనే పిలుస్తాను" అనుకుంది ముళ్లపంది.

"నీ ఇరుకు బొరియలోకి ఎవరొస్తారు?" అని నవ్వింది కాకి.

"ఇరుకైతే తవ్వుతాను" అంది ముళ్లపంది.

అన్నట్టే గోళ్లు అరిగేలా తవ్వి బొరియను వెడల్పు చేసింది. చిలగడదుంపలు, రేగుపళ్లు తెచ్చి మోదుగాకుల్లో వడ్డించింది. కుందేలునీ ముంగిసనీ ఉడుతనీ ఇళ్లకు వెళ్లి మరీ పిలిచింది.

సాయంత్రం ముగ్గురూ వచ్చారు గాని, గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఏమనుకోకు వదినా, లోపలికి రావాలంటే భయంగా ఉంది" అంది కుందేలు.

ముళ్లపందికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా వడ్డించిన ఆకులు ఎత్తేయడానికి మనసొప్పలేదు. ఒక్కో ఆకునూ మెల్లగా బయటికి లాక్కొచ్చి పచ్చికలో పరిచింది. తను మాత్రం దూరంగా వెళ్లి, ముళ్లు బండ వైపు తిప్పి కూర్చుంది.

"ఇప్పుడు తినండి. మొహమాటపడకండి, దుంపలు ఇంకా ఉన్నాయి" అంది.

అతిథులు తినసాగారు. కాసేపటికి కుందేలు తన ఆకు లాక్కుంటూ బండ దగ్గరికి వచ్చింది.

"పిలిచినదానివి నువ్విలా ఒక్కదానివే కూర్చుంటే మాకు ముద్ద దిగడం లేదు వదినా. కాస్త జరుగు."

ముళ్లపంది తన ముళ్లన్నీ ఒంటికి అణచుకుని, పక్కకి జరిగింది.