ఎడమ మూల

మొదటి దెబ్బ ఫోటో మీద పడింది. రెండోది దాన్ని తీసినవాడి మీద.

అద్దం పగిలి నేలంతా చిందింది. పార్థసారథి ముక్కు చితికింది. తెల్ల చొక్కా మీద నెత్తురు ధార కట్టింది. ఓదెలు చేతి కడెం పైకి తోసుకుని మళ్లీ ఇనుప సలాక ఎత్తాడు. ఈసారీ ఫోటోకే, ఎడమ మూలకే తగిలింది. అక్కడి కాగితం పీలికలైంది.

మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడ అది. 1998. కంప్యూటర్ కంపెనీలు ఇంకా దిగలేదు. ఖాళీ హాల్లో ఫోటోల ప్రదర్శన పెట్టారు. అన్నీ మేడలు కట్టిన కూలీల ఫోటోలే. మత్తు కల్లుకు అలవాటుపడి వాళ్లు ఎలా పాడైపోయారో చూపించే ఫోటోలు. చూడవచ్చినవాళ్లలో మాత్రం కూలీలు లేరు. కుర్చీలు వేయడానికి మేస్త్రీ లింగమూర్తి పిలిచాడు గనుక ఓదెలు ఒక్కడే ఉన్నాడు.

హాలు మధ్యలో, తలుపంత ఫోటోలో, అతని పెళ్లాం ఈరమ్మ పడి ఉంది. కళ్లు తేలేసి ఉంది. నాలుక పళ్ల మధ్య చిక్కుకుని ఉంది.

ఆ కల్లులో ఏదో మందు కలుపుతారని గుడిసెల్లో అందరికీ తెలుసు. తాగితే మత్తు, మానితే పిచ్చి. ఆబ్కారీ వాళ్లు కల్లు డిపో మూయించినప్పుడల్లా ఇంటికొకరు వణికేవారు, కరిచేవారు, గోడకు తల కొట్టుకునేవారు. ఇంట్లోవాళ్లు వాళ్లను గుంజకు కట్టేసేవారు. తాడైతే ఒళ్లు కోసుకుపోతుందని చీరతో కట్టేవారు. ఈరమ్మ అలాంటి రోజే పోయింది. ఫిట్స్ అన్నారు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. కూలిమనిషి చావు.

ఈ ఫోటో ముందే ఒకసారి పేపర్లో వచ్చింది. అప్పుడు మొహం ఒక్కటే వేశారు. ఓదెలుకు కోపం రాలేదు. ఆ ముక్క కత్తిరించి గుడిసె రేకుకు అంటించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి ఏడ్చాడు.

ఇవాళ కుర్చీలు వేస్తూ పెద్ద ఫోటో చూశాడు. ఇందులో గుడిసె అంతా ఉంది. చేతిలో కుర్చీ జారిపోయింది. బయటికెళ్లి సలాక తెచ్చుకుని, గోడకు ఆనించుకుని కూర్చున్నాడు. జనం వచ్చారు, చూశారు, అయ్యో అనుకుని పక్క ఫోటోకు జరిగారు. ఓదెలు కదల్లేదు. చివరికి ఒక పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, ఎడమ మూలకు వంగి, "ఈ చీకట్లో ఏదో మెరుస్తోందే?" అన్నాడు.

అప్పుడు లేచాడు.

ఇద్దరు గార్డులు ఓదెలును బోర్లా పడేశారు. బూటు కాళ్లతో పక్కటెముకల్లో తన్నారు. లింగమూర్తి అతని జుట్టు పట్టి మొహాన్ని గాజు ముక్కల్లో రుద్దాడు. పని ఇచ్చిన నా పరువే తీస్తావా అని బూతులు తిట్టాడు.

ఓదెలు నెత్తురు ఉమ్మి తలెత్తాడు.

"అది నా పెండ్లాం సారూ. ఒంటి మీద చీర గూడ సక్కగ లేదు. సచ్చినంక గూడ దాన్ని పదిమందిల గిట్ల పండవెడ్తరా?"

గార్డుల కాళ్లు ఆగిపోయాయి.

ప్రదర్శన పెట్టించిన సంధ్య పార్థసారథి వైపు తిరిగింది. ఆమెను అడిగి తీశారా అంది. ఇంటివాళ్లనైనా అడిగారా అంది. మీ ఇంటి ఆడవాళ్లనైతే ఇలాగే గోడకు వేలాడదీస్తారా అంది. అతను జేబురుమాలు ముక్కుకు అదుముకుని ఓదెలు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తప్పు నాదేనండి. తలుపు సందులోంచి తీశాను. చీరతో కట్టేశారనుకున్నాను. లోపలికెళ్లి విప్పి ఉంటే బతికేదేమో. ఫోటో బాగా వస్తోందని నిలబడిపోయాను."

"లోపటికి రాలేదా నువ్వు?"

"లేదండి."

"ఇంకెవలన్న సూసిన్రా దాన్ని గట్ల?"

"లేదు. నేనొక్కణ్ణే."

ఓదెలు గాజు ముక్కల మీదే లేచి కూర్చున్నాడు. "గోడకున్నది చింపితె ఏమాయె? మల్లొకటి కడుగుతరు. నాకు అసలుది గావాలె."

ఎవరో పోలీసులను పిలుద్దామన్నారు. పార్థసారథి వద్దన్నాడు. బ్యాగు తెప్పించుకుని నెగెటివ్ వెతికి తీశాడు. తన చేతిమీదుగా అంత మంచి ఫోటో మళ్లీ రాదని అతనికి తెలుసు. అయినా కత్తిరించి ఓదెలు అరచేతిలో పెట్టాడు. ఇంకో కాపీ లేదని ఒట్టు వేశాడు. గోడ మీది ఫోటోను సంధ్య తన చేతులతోనే చింపి కుప్ప పోసింది.

కళ్లద్దాల పెద్దాయన ఓదెలు భుజం తట్టాడు. "పెళ్లాం మానం కోసం ఇన్ని దెబ్బలు తిన్నావు. మొగుడంటే నువ్వేనయ్యా," అన్నాడు.

ఇందాక తిట్టిన లింగమూర్తే అగ్గిపెట్టె తీసిచ్చాడు.

ఓదెలు నెగెటివ్‌ను కిటికీ వెలుగుకు పెట్టి ఒక్కసారి చూసుకున్నాడు. పుల్ల గీశాడు.

మంట ఎడమ మూలనే ముందు అందుకుని, ఈరమ్మ మెడకు బిగిసిన కొంగునూ, ఆ కొంగు కొసను గుంజకు కాక తన పిడికిలికి చుట్టుకుని లాగుతున్న ఓదెలు కడెం చేతినీ నల్లగా ముడిచేసింది.