చంపిందెవరో చెప్పొద్దు

"ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం చెప్పమ్మా. చంపిందెవరో చెప్పావంటే మాత్రం నీకూ నాకూ మాటల్లేవు!"

మామగారు రిమోట్‌ను రెండు చేతులా పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. ఆయన బస్సు డ్రైవరు. నిన్ననే రిటైరయ్యారు. ఊరు ఊరంతా ఏళ్ళ తరబడి చూసిన ఆ హత్యకేసు సీరియల్ని ఆయన ఒక్కపూట కూడా చూడలేదు. అది వచ్చే వేళకి ఎప్పుడూ డ్యూటీయే. బస్సులో ఎవరైనా ఆ కథ ఎత్తితే చాలు, చెవిన పడకుండా హారన్ మోగించేసేవారు. ఖాళీ రోడ్డు మీద కూడా!

"మొదటి సీజన్ నుంచే చూడండి మామయ్యా," అంది కోడలు.

"వద్దు నాన్నా!" కొడుకు అడ్డొచ్చాడు. "మొదటిది ఒట్టి నత్తనడక. ఇన్‌స్పెక్టరు టీ తాగడానికే సగం ఎపిసోడ్ అయిపోతుంది. ఆరోదాంట్లోంచి పట్టుకో. ఇక పరుగే పరుగు."

"ఆరోదాంట్లోంచి చూస్తే ఏం మిగులుతుందండీ? ఇన్‌స్పెక్టరు చెల్లెల్ని ఎవరు చంపారన్నదే కదా కథంతా. అప్పటికే ఆ డాక్టరు మీద అనుమానం పోయి..."

"ఆగాగు!" మామగారు చెవులు మూసుకున్నారు. "ఇక్కడ నాకు హారన్ కూడా లేదు!"

కొడుకు పకపకా నవ్వాడు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ అత్తగారికి మాత్రం నవ్వు రాలేదు.

"మొదట్నించీ వద్దు, మధ్యనుంచీ వద్దు. ఆ వైరు పీకి అవతల పారెయ్యండి. చిట్టి నోరు కట్టేసింది అదే."

కోడలి కూతురు చిట్టి నేలమీద కూర్చుని సీసా మూతలు ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది. దానికి మూడేళ్ళు నిండాయి. ఇంతవరకూ అమ్మా అని కూడా పిలవలేదు. కావలసింది వేలితో చూపిస్తుంది, అక్కర్లేనిది చేత్తో తోసేస్తుంది. అంతే.

"చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పారు కదత్తయ్యా. కాస్త ఓపిక పట్టమన్నారు..."

"చెవులు బాగుంటే సరిపోయిందా? పాలు పట్టినంతసేపూ, జోకొట్టినంతసేపూ పిల్లని ఒళ్ళో వేసుకుని నువ్వు చూసిందేమిటి? ఆ చంపుకోవడాలేగా! ఆ మాటలేవో దాంతో మాట్లాడి ఉంటే ఈపాటికి వసపిట్టలా వాగుతుండేది."

అత్తగారు పైకి అన్నది ఇవాళే. కోడలు లోలోపల రోజూ అనుకుంటున్నదీ అదే. పొద్దున కూడా పిల్ల మొహం చేతుల్లోకి తీసుకుని "అమ్మ అను, ఒక్కసారి అను" అని బతిమాలింది. చిట్టి అమ్మ ముక్కు పట్టుకుని నవ్వింది తప్ప నోరు విప్పలేదు. పక్కింటి పిల్ల దీనికంటే చిన్నది. మెట్ల మీదనుంచే "ఆంటీ, ఏం చేస్తున్నారు?" అని అరుస్తుంది. ఆ అరుపు వినపడితే చాలు, ఈమె తలుపు దగ్గరగా వేసేసుకుంటుంది.

"మీరు చూడండి మామయ్యా. చిట్టిని నేను లోపలికి తీసుకెళ్తాను," అంది.

"ఎందుకు తీసుకెళ్ళడం? అది లేచేసరికి నేను డ్యూటీలో, నేనొచ్చేసరికి అది నిద్రలో. ఇన్నాళ్ళకి కుదిరింది. తాతా మనవరాలూ కలిసి మొదట్నించీ చూస్తాం. ఏమే చిట్టీ?"

చిట్టి వచ్చి తాత ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

"చూపించండి, బాగా చూపించండి. ఉన్న ఒక్క మనవరాలు మూగదైతే అప్పుడు తెలుస్తుంది," అంది అత్తగారు.

"అమ్మా, ఊరుకో!" కసిరాడు కొడుకు. భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. రిమోట్ తనే అందుకుని మొదటి సీజన్ పెట్టాడు, ఇక ఏ వాదనా లేకుండా.

డప్పు మోగినట్టు సంగీతం మొదలైంది. తెరమీద ముఖాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు. ఫొటోలో నవ్వుతున్న చెల్లెలు. కళ్ళజోడు డాక్టరు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు జీపు నడుపుతున్న డ్రైవరు.

మామగారు ముందుకి వంగారు.

"అబ్బ, స్టీరింగు ఎంత పద్ధతిగా పట్టుకున్నాడో చూడండిరా! అంత మలుపులోనూ కుదుపన్నది లేదు. డ్రైవరంటే వీడు! ఈ కథ మొత్తంలో నమ్మదగ్గ మనిషంటూ ఉంటే వీడొక్కడే. కావాలంటే రాసిపెట్టుకోండి."

కోడలు పెదవి కొరుక్కుని గోడవైపు తిరిగింది.

చిట్టి తాత ఒళ్ళోంచి జారి కిందికి దిగింది. టీవీ దగ్గరికి నడిచి, డ్రైవరు మొహం మీద వేలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"కాదు తాతా. ఈ మామే చంపేశాడు."

గుమ్మంలో గరిటె ఠంగుమని కింద పడింది. కొడుకు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పరిగెత్తి పిల్లని ఎత్తుకోవాలో, ముందు దాని నోరు మూయాలో కోడలికి తోచలేదు. మామగారి చేతులు అలవాటుగా చెవులదాకా లేచాయి. అక్కడే ఆగిపోయాయి. మెల్లగా కిందికి దిగి, మనవరాలి వైపు చాచుకున్నాయి.

"నాకు సరిగ్గా వినపడలేదమ్మా," అన్నారాయన, చెంపల మీద కారుతున్నది తుడుచుకోకుండానే. "చంపిందెవరో ఇంకోసారి చెప్పు!"