మౌలాబీ ఊళ్ళో లేదు

"నేను పుట్టినట్టు సాక్ష్యం కావాలంట, అమ్మమ్మా."

"పుట్టకుండానే వచ్చి నా ఎదురుగా నిలబడ్డావా ఏంటి?" అంది రాఘవమ్మ తలెత్తకుండానే. కల్లంలో ఎర్రగా పరిచిన మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది.

అన్విత చున్నీ కొస నలుపుతూ నిలబడింది. ట్యూషన్ ఉందని ఇంట్లో చెప్పి, చీమకుర్తి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. అమ్మ పోయేనాటికి తనకి రెండేళ్ళు. ఆ ఏడే నాన్నకీ అమ్మమ్మకీ మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక ఆ ఇంట్లో అమ్మ పేరెత్తేవాళ్ళే లేరు.

"కాలేజీలో బర్త్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, అందుకని ఈ ఊరి సచివాలయంలో అడిగించాను. రికార్డు లేదన్నారు. పురుటప్పుడు దగ్గరున్న ఇద్దరు సంతకాలు పెట్టాలంట."

రాఘవమ్మ చేతిలో కాయ అలాగే ఆగింది. మనవరాలిని పైనుంచి కిందదాకా చూసింది.

"ఒకదాన్ని నేను. రెండోది పక్కింటి మౌలాబీ. ఊళ్ళో లేదు, వేటపాలెంలో కూతురింటికి వెళ్ళింది. వచ్చే ఆదివారం రా." కాయ పక్కన పడేసి లేచింది. "కాళ్ళు కడుక్కో. అన్నం తిందువు."

రెండు ముద్దలు తిన్నాక అన్విత మెల్లగా అడిగింది. "నేను పుట్టినరోజు ఏం జరిగిందో కూడా చెప్పాలంట."

"ఏముంది, వాన! కాయ తడుస్తోందని అందరం పట్టాలు పట్టుకుని పరుగు. మీ అమ్మ గుమ్మంలో నిలబడి 'ఆ మూల కప్పండి, ఈ మూల కప్పండి' అని ఒకటే అరుపులు. అరుస్తూ అరుస్తూనే నొప్పులంది. ఆటో బురదలో దిగబడింది. మౌలాబీ లేకపోతే ఏమయ్యేదో."

"నన్ను చూసి అమ్మ ఏమంది?"

"అదీ అడుగుతారా సచివాలయంలో?"

"అడుగుతారంట," అంది అన్విత కంచంలోకి చూస్తూ.

"'ఖర్మ, దీనికీ నీ ముక్కే వచ్చిందే అమ్మా' అని నవ్వింది. అంత నొప్పిలోనూ నవ్వింది."

అన్విత ఎడమచేత్తో ముక్కు తడుముకుంది.

నిజానికి ఆ సర్టిఫికెట్ ఆమె సంచి అడుగునే ఉంది. చూడాలనిపించి వచ్చానంటే "ఇన్నాళ్ళకా?" అని తలుపేస్తుందేమోనని భయం. ఆ భయంతో బస్సులో అల్లుకున్న అబద్ధం అది.

రెండో ఆదివారం కూడా మౌలాబీ లేదన్నది రాఘవమ్మ. గోడవతల దండెం మీద మౌలాబీ తడి చీర నీళ్ళోడుతోంది. అన్విత చూసీ చూడనట్టు ఊరుకుంది. మౌలాబీ రాకపోతేనే నయం. అమ్మ జడ ఎంత బారుండేదో, గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ ఎట్లా కొరుక్కుని తినేదో ఆ రోజు తెలిసింది.

మూడో ఆదివారం మౌలాబీయే గోడ మీంచి తొంగిచూసింది.

"ఎవరే రాఘవమ్మా ఈ పిల్ల? అచ్చం మీ అమ్మాయి శ్రీరమ్యలా ఉందే!"

అన్విత సంచిలోంచి పెన్ను తీసింది. ఇక తప్పదు. తెల్లకాగితం మీద అమ్మమ్మ వంకరటింకరగా సంతకం చేసింది. మౌలాబీ వేలిముద్ర వేసి, పిల్ల బుగ్గలు పుణికి వెళ్ళిపోయింది.

బస్సు కోసం ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు. కాగితం చేతిలో ఉంది. మళ్ళీ రావడానికి వంక మాత్రం మిగల్లేదు.

"పని అయిపోయినట్టేనా?"

"అయిపోయింది అమ్మమ్మా."

బస్సొచ్చింది. అన్విత ఎక్కి కూర్చున్నాక, కిటికీలోంచి ఎండుమిర్చి మూట ఒళ్ళో పడేసింది రాఘవమ్మ.

"వచ్చే ఆదివారం ఇంకేం కాగితం కావాలో దారిలో ఆలోచించుకో."

"ఇంకేం కాగితం?" అన్విత తెల్లబోయింది.

బస్సు కదిలింది. దాంతోపాటే నాలుగడుగులు వేస్తూ రాఘవమ్మ అరిచింది.

"పంచాయతీలో నీ పుట్టుక రాయించింది నేనేనే, పిచ్చిదానా!"