పెట్టుడు మందు

"ఆ కూడు ముట్టకు" అంటూ నాంచారమ్మ మొగుడి ముందు నుంచి కంచం లాగేసింది.

వెంకటస్వామి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వడ్డించిన కోడలు సుభద్ర గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఏటయింది?" అన్నాడు వెంకటస్వామి.

"ఏటవుతాది? ఆర్నెల్లనించీ పుల్లయిపోతన్నావు. దొడ్డికెల్తే నెత్తురు. మొలలంట, మొలలు. ఇది పెట్టుడు మందు. ఎవరి సేతి కూడు తింటన్నావో సూసుకో."

"అమ్మా, నోటికొచ్చినట్టు మాట్లాడకు" అన్నాడు కొడుకు సూరిబాబు.

"పెల్లాం కొంగట్టుకు తిరిగేవోడివి, నీకేటి తెలుస్తాది?"

రాయపూర్‌లో రైల్వే క్వార్టర్ల గోడలు పల్చన. అన్నంలో మందు కలిపి కోడలు మామను కొద్దికొద్దిగా చంపుతోందన్న మాట, సాయంత్రానికల్లా శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్లన్నిటికీ పాకింది.

అంతకు ముందు నాంచారమ్మ ఆస్పత్రికి వెళ్లమని పోరేది. "మీ అన్న దానయ్యకీ ఇలగే మొదలయింది, మొలలంటానే పోనాడు" అని ఏడ్చేది. వర్క్‌షాపులో ఫిట్టరైన వెంకటస్వామికి రైల్వే ఆస్పత్రిలో పైసా ఖర్చు లేదు. అయినా, "ఎనకనించి ఏలెట్టి సూస్తారంట. నా సావు నాను సస్తాను గానీ ఆ పరువుతక్కువ పని సెయ్యను" అని మంచినీళ్ల చెంబు గోడకు విసిరికొట్టాడు. పోరి పోరి విసిగిపోయిన ఆవిడ చివరికి కోడలి మీద పడింది.

ఆస్పత్రిని నమ్మనివాడు పెట్టుడు మందును మాత్రం ఇట్టే నమ్మాడు. మర్నాడే ఊరి బయటి మందిర్ హసౌద్ వెళ్లి, మందు కక్కించేవాడి దగ్గర ఆకుపసరు తాగి, పేగులు నోట్లోకి వచ్చేలా కక్కాడు. వాడు నల్లటి ఉండ ఒకటి చూపించి ఇదే మందన్నాడు. వారం తిరక్కుండా మళ్లీ నెత్తురు పడింది.

సుభద్ర చెయ్యి తగిలిన బిందెలో నీళ్లు కూడా ఆ ఇంట్లో ముట్టడం మానేశారు. ఆమె కుళాయి దగ్గరికి వస్తే ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవారు.

ఒక ఆదివారం పొద్దున్న వీధి వీధంతా చూస్తుండగా నాంచారమ్మ కోడల్ని జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చింది.

"కక్కించినా తగ్గనేదంటే ఇంకేదో ఎట్టినావన్నమాట. ఏటెట్టినావో సెప్పు."

సుభద్ర అత్త పిడికిట్లోంచి జుట్టు విడిపించుకుంది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"ఎలకల మందు. నా సేతి కూడు తిన్నన్నాళ్లూ కూరలో సిటికెడు. అది కక్కిస్తే పోదు."

సూరిబాబు గుమ్మం దిగి వచ్చాడు. "ఎందుకే?"

"మావయ్యంటే నాకు పడదు."

వెంకటస్వామి చొక్కా తొడుక్కుని తిన్నగా పోలీసు థానాకు నడిచాడు. అక్కడి ఎస్సై, దారోగా, అంతా విని, "ఇవాళ ఒప్పుకుంటుంది, రేపు అనలేదంటుంది. లోపల విషం ఉందని డాక్టరు రాసివ్వాలి. అప్పుడు చూడు, ఏడేళ్లు లోపలేయిస్తాను" అన్నాడు.

ప్రాణం కోసం కదలని మనిషి పగ కోసం ఆస్పత్రికి పరుగెత్తాడు. డాక్టరు గ్లౌజు తొడుక్కుంటుంటే తనే బల్ల మీద పక్కకు తిరిగి పడుకున్నాడు.

"ఎంత లోపలికైనా సూడండి బాబూ. దాన్ని మాత్రం ఒగ్గకూడదు."

డాక్టరు వేలికి ఏదో తగిలింది. ముక్కా, నెత్తురూ తీసి పరీక్షకు పంపాడు, స్కానింగు తీయించాడు. ఫలితం వచ్చాక పిలిచి కూర్చోబెట్టాడు.

"విషం లేదు. పెద్దపేగు చివర గడ్డ ఉంది. క్యాన్సరు. ఇంకా పేగు గోడ దాటలేదు. నాలుగు నెలలు ఆగి వచ్చి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"మా అన్న మొలలతో పోనాడు."

"అది మొలలు కాకపోవచ్చు. మీ అబ్బాయికి నలభై రాగానే పరీక్ష చేయించండి."

"విషం సంగతి ఇంకోసారి సూడండి బాబూ."

గడ్డ ఉన్నంత మేర కోసేసి పేగు అతికారు. అతుకు మానేదాకా పొట్ట పక్కన దారి చేసి సంచి తగిలించారు. కొన్ని నెలలకు అదీ తీసేశారు. వెంకటస్వామి గంజి నుంచి పప్పన్నం దాకా వచ్చాడు, మళ్లీ వర్క్‌షాపుకు వెళ్తున్నాడు. పగ మాత్రం మానలేదు. గడ్డ తిరగబెడితే ముందే తెలిసేలా ఐదేళ్లపాటు వచ్చి చూపించుకోమన్నాడు డాక్టరు. పిలిచిన ప్రతిసారీ తెల్లారకముందే బయల్దేరేవాడు, ఈసారైనా విషం దొరుకుతుందని.

సూరిబాబు పెళ్లాన్ని తీసుకుని దేవేంద్ర నగర్‌లో అద్దె గదికి మారాడు. అలా ఎందుకన్నావని ఎన్నిసార్లు అడిగినా సుభద్ర నోరు విప్పలేదు. ఆమెకు ఐదో నెల వచ్చాక అతను ఒక్కడే తల్లి దగ్గరికి వచ్చాడు.

"విషం లేదని డాక్టరే అన్నాడు కదమ్మా. నాన్నకు నువ్వు చెబితే వింటాడు. పురిటికైనా దాన్ని ఇంటికి తెస్తాను."

లోపలి గదిలో వెంకటస్వామి దగ్గాడు. నాంచారమ్మ గొంతు పెంచింది.

"అది ఈ గడప తొక్కితే నాను నూతిలో దూకుతాను. పో."

సూరిబాబు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. విషం పెట్టినదాన్ని ఎవరు మాత్రం రానిస్తారని వీధిలో అందరూ నాంచారమ్మనే సమర్థించారు.

ఆ ఆదివారానికి ముందు రాత్రి, ఇంకెలాగూ మొగుడు ఆస్పత్రికి కదలడని, ఎలకల మందు పెట్టానని చెప్పమని కోడలి కాళ్ల మీద పడింది నాంచారమ్మే.