ఎత్తు బంగారం

కాంటా ఒక పళ్ళెంలో కొమురెల్లి కూర్చున్నాడు. రెండో పళ్ళెంలో దుకాణందారు సాంబయ్య బెల్లం ముద్దలు వేస్తూనే ఉన్నాడు.

మేడారం జాతర రోజులు. సమ్మక్కకు మొక్కిన బెల్లాన్ని కాశిబుగ్గలో ఎవరూ బెల్లమనరు, బంగారమంటారు. మగ్గం దగ్గర కూలబడి దవాఖాన పాలైన మొగుడు కొమురెల్లి ఇంటికొస్తే, అతని ఎత్తు బంగారం ఇస్తానని చిలుకమ్మ మొక్కుకుంది.

“దవాఖానల జోకినప్పటి కంటె బరువైండు సావుకారీ,” అంది సంబరంగా. “తొక్కు పచ్చళ్లు ఏసి కడుపునిండ పెడుతున్న. ఒళ్లు చేసిండు.”

కొమురెల్లి ఆయాసపడుతూ దిగాడు.

దుకాణంలో ఉన్నది ఒకటే బల్ల. దాని మీద పంచె పాదాల దాకా దింపుకొని ఒక ముసలాయన కూర్చున్నాడు. రోగిష్టి మనిషికి జరిగి చోటైనా ఇవ్వలేదని చిలుకమ్మకు మండుకొచ్చింది.

“ఇటు రా బిడ్డా,” అన్నాడాయన కొమురెల్లితో.

దగ్గరికెళితే పిక్క మీద బొటనవేలితో నొక్కి వదిలాడు. పడిన గుంట అట్లాగే ఉండిపోయింది.

“ఇది కండ గాదు. నీళ్లు.”

“శుభమా అని మొక్కు జోకుతాంటే గిదేం మాట పెద్దమనిషీ?” అంది చిలుకమ్మ.

“రాత్రి పండుకుంటాండా?”

“ఏడ? పండుకుంటె దమ్మొస్తాంది. గోడకు ఒరిగి కూసుంటాండు.”

“బోరింగుల వాషరు అరిగితె... ఎంత కొట్టినా నీళ్లెక్కయి. గుండె గంతే. రక్తం నెట్టే బలం తగ్గితె... ఒంట్లె నీరు చేరుతది. ఉప్పు, తొక్కు బంద్ చెయ్యి. మేడారం ఎనుక. ముందుగాల దవాఖానకు తీస్కపో.”

“నువ్వు డాక్టరువా?”

“కాదు.”

“మరి?”

ముసలాయన వాకిలి వైపు చూశాడు. “బయట రిక్షా ఉంది. ఇద్దరు ఎక్కుండ్రి,” అన్నాడు.

సాంబయ్య ఏదో అనబోయాడు. ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

చిలుకమ్మ మొగుణ్ని రిక్షా ఎక్కించింది గానీ, దారి పొడుగునా ముసలాయన్ని తిడుతూనే ఉంది. తిట్టక ఏం చేస్తుంది, భయపడిపోయింది.

“జర ఆలస్యమైతె మనిషి దక్కకపోతుండె,” అన్నాడు దవాఖానలో డాక్టరు. “గుండె బలం తగ్గింది. మందులు మానకుంట జాగ్రత్తగ ఉంటె బతుకుతడు. ఉన్నట్టుండి బరువు పెరిగితె సంబురపడకు, నా కాడికి తీస్కరా.”

జాతర అయిపోయాక కొమురెల్లి తన కాళ్ళతో నడిచొచ్చి అదే కాంటాలో కూర్చున్నాడు. ఈసారి బంగారం తక్కువే పట్టింది.

చిలుకమ్మ ఒక ముద్ద తీసి పట్టుకుంది. “ఇది ఆ పెద్దమనిషికి. కాళ్లు మొక్కుత, ఏడి?”

“మా చిన్నాయన,” అన్నాడు సాంబయ్య. “ఆ దినమే కాలం జేసిండు. నీ పెనిమిటి బీమారే ఆయనకు. ఆ వాపు కాళ్లతోని లేవలేకపోయె.”

చిలుకమ్మ చేతిలోని ముద్దను ఖాళీ బల్ల మీద పెట్టింది. కొమురెల్లి అడిగాడు.

“మరి దవాఖానకు తీస్కపోలేదా?”

“బండ్లన్ని మేడారం బాట పట్టె. ఊరంత తిరిగి ఆయన కోసం తెచ్చిన ఒక్క రిక్షాల మీరు పోయిండ్రు.”