బొట్టు పెట్టిన సీసా

స్నేహితురాలు రచన ఫ్లాట్‌లో అడుగు పెట్టిన వాసంతి కిటికీ దగ్గర ఆగిపోయింది. మనీప్లాంట్ వేసిన ఖాళీ వైన్ సీసా మెడ మీద ఎండిన కుంకుమ బొట్టు కనబడింది.

అది తను పెట్టిన బొట్టే. కారైనా కుక్కరైనా, కొత్తది కొంటే బొట్టు పెట్టందే వాసంతి ఇంట్లోకి రానివ్వదు. స్పెయిన్‌లో ఒక కుటుంబం నడుపుకునే చిన్న వైనరీలో ఆ రెడ్ వైన్ కొన్నప్పుడూ పెట్టింది. పదో పెళ్లిరోజున తెరుద్దామని మొగుడూ పెళ్లాం అనుకున్నారు.

ఈలోగా, ఇంట్లో ఇక చుక్క ముట్టనని ఆయన వాసంతి తల మీద చెయ్యేసి ఒట్టేశాడు. మర్నాడే ఆ సీసా దాచడానికి రచన ఇంటికి చేరింది.

"దాచమంటే తాగేశావుటే?"

రచన తల దించుకుంది. "నేనొక్కదాన్నే కాదు. మీ ఆయన వచ్చారు. 'ఒట్టేసింది మా ఇంట్లో ముట్టననే కదా' అన్నారు."

"ఎప్పుడు?"

"నువ్విచ్చి వెళ్లిన శనివారం. ఆ తర్వాత... ప్రతి శనివారం."

శనివారాలు ఆయన క్రికెట్‌కి వెళతాడు. ఆ తెల్లబట్టలు ఉతికేది వాసంతే. ఈ వేసవంతా వాటికి ఒక్క గడ్డి మరకా అంటలేదు.

"అది కళ్ల ముందుంటే ఆగలేను వాసంతీ. రచన దగ్గర పెట్టి రా" అని ఆ రోజు కళ్లనీళ్లతో బతిమాలింది ఆయనే.

పొంగిపోయి, వాసంతి తన చేతులతోనే ఇచ్చి వచ్చింది.