ఒక్క మంచి మాట

“మీ బంగారాన్ని మీరే ఉంచుకోండమ్మా!”

గజపతినగరంలో దాలమ్మ మెస్ పెరటి గుమ్మం ముందు ఉమాశంకర్ స్కూటర్ ఆపి, వెనక కూర్చున్న వంటమనిషి గంగుల్ని కిందికి దించాడు. గంగులు నెత్తిమీద తెల్లటి చెఫ్ టోపీ ఇంకా అలాగే ఉంది.

దాలమ్మ చేతిలోని చేట పక్కన పెట్టింది. “నానిచ్చినానేటి బాబూ? నువ్వే కదా పట్టుకెళ్ళీసినావు.”

అదీ నిజమే. బైపాస్ మీద ఉమాశంకర్ పెట్టిన ఏసీ రెస్టారెంటులో వంటవాళ్ళు నిలవరు. పాపం, ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. విశాఖపట్నం వెళ్ళి, సిబ్బందిని నిలబెట్టుకోవడం ఎలాగో చెప్పే సెమినార్ కూడా విని వచ్చాడు. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని గోడమీద రాయించాడు. కుటుంబానికి సెలవులేమిటని ఆదివారాలు తీసేశాడు. కుటుంబంలో మొహమాటమేమిటని మిగిలిన చల్లన్నం సాయంత్రం వాళ్ళకు పెట్టించాడు. నెలకో ఉత్తమ ఉద్యోగిని ఎంచి ఫొటో కట్టించాడు. ఇప్పుడా గోడకి ఫొటోలున్నాయి గాని, ఉద్యోగులు లేరు.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు కదా. ఉమాశంకర్ కన్ను దాలమ్మ మెస్ మీద పడింది. రోజూ వచ్చి మూల బల్ల దగ్గర భోంచేస్తూ చెవులు రిక్కించేవాడు. “మా గంగులు బంగారం! ఆడి సెయ్యి పడితే గడ్డి కూడా కూరే!” అని దాలమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అదే నోటితో, పొయ్యి దగ్గరున్న నీలవేణిని “ఒసే, ఇది పులుసా, కుడితా? నీకెవులే వంట నేర్పినోలు?” అని వీధి చివరిదాకా వినబడేలా తిట్టేది. పులుసు మాత్రం అమృతంలా ఉండేది. ఇంకేముంది, అది గంగులు చేతి చలవే అనుకుని, పెద్ద జీతం ఆశ చూపించి వాణ్ణి లాక్కుపోయాడు.

“వీడికి సాంబారుకీ రసానికీ తేడా తెలీదండీ!” అన్నాడు ఉమాశంకర్ ఇప్పుడు.

“తెలీకపోడమేటి?” గంగులు నొచ్చుకున్నాడు. “నీల్లు తక్కువైతే సాంబారు, ఎక్కువైతే రసం.”

ఉమాశంకర్ తల పట్టుకున్నాడు. “సూశారా అమ్మా? ఆదివారం సాలూరు లారీ ఓనర్ల సంఘం భోజనాలు ఉన్నాయి. అవి నాకు రాకపోతే రెస్టారెంటు మూసుకోడమే. ప్రెసిడెంటు గారు ఇంకా ఖాయం సెయ్యలేదు.”

“దాలమ్మప్పా, ఇంకాస్త పులుసు!” లోపల హాల్లోంచి గొంతు వినిపించింది.

ఉమాశంకర్ ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు ప్రెసిడెంటు ధనరాజ్‌దే.

“అమ్మా, ఈ ఒక్క ఉపకారం సేసి పెట్టండి,” అంటూ చేతులు జోడించాడు. “ఆయనకి మీ మాటంటే గురి. నా గురించి ఒక్క మంచి మాట ఆయన సెవిలో వెయ్యండి.”

“ఒక్కటేటి బాబూ, నాలుగు సెప్తాను.” దాలమ్మ పులుసు గిన్నె అందుకుని హాల్లోకి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో, ఉమాశంకర్ ఇటు వంటింట్లో దూరాడు. ఎంత కష్టంలో ఉన్నా చేతివాటం ఊరుకోదు. నీలవేణి చేపముక్కలకి పసుపు రాస్తోంది.

“నీలవేణీ, ఇన్ని తిట్లు పడి ఇక్కడెందుకమ్మా? మా దగ్గరికి వచ్చీ. పల్లెత్తు మాట అనను.”

నీలవేణి నవ్వింది. “ఆ తిట్లు నాకేటి బాబూ? మీలాటోలికి.”

“మాకా?”

“పాలిచ్చే గేదెని నలుగురిలో ఎవులైనా మెచ్చుకుంటారేటి? దిష్టి తగిలిపోదా? అందుకే తిడతాది. ఇన్నోలు ఇది పనికిమాలిందనుకుని నా జోలికి రారు. పొద్దున్న వంట దిగ్గానే ముందు ముద్ద నాకెట్టి, నా కడుపు నిండినాకే హాలు తలుపు తీస్తాది. నానెక్కడికెల్తాను?”

“మరి గంగుల్ని అంతలా ఎందుకు పొగిడింది?”

“సంతలో రైతు తన ఎద్దుని ఎప్పుడు పొగుడుతాడు బాబూ?”

ఉమాశంకర్ వ్యవసాయదారుల ఇంట పుట్టినవాడే. “అమ్మీడానికి...” అన్నాడు.

“మరదే! పొమ్మంటే గొడవ. పొగిడితే ఎవులో ఒకలు వచ్చి పట్టుకెళ్ళిపోతారు. మాయమ్మ ఎవుల్నైనా మెచ్చుకున్నాదంటే ఆడు పనికిరానోడని ఏల్ల తరబడి ఇక్కడ తినీవోలందరికీ తెలుసు. ధనరాజ్ బాబుకైతే మరీని.”

తను చేతులు జోడించి మరీ అడుక్కున్న మంచి మాట అప్పుడు గుర్తొచ్చింది ఉమాశంకర్‌కి. ఒక్క ఉదుటున హాల్లోకి పరుగెత్తాడు. గుమ్మంలో టోపీ సర్దుకుంటూ అడ్డంగా నిలబడ్డ గంగుల్ని తోసుకుని లోపలికి వచ్చేసరికే దాలమ్మ గొంతు హాలంతా మోగుతోంది.

“మా ఉమాశంకర్ బాబంటే ఏటనుకున్నావు ధనరాజూ? బంగారం! ఆ హోటల్లో గడ్డి ఎట్టినా కూరే!”

ధనరాజ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. గుమ్మం దగ్గర రొప్పుతున్న ఉమాశంకర్‌ని ఎగాదిగా, కాస్త జాలిగానే చూశాడు.

“అలగేటప్పా? అయితే ఆదివారం బోజనాలు ఇక్కడే ఎట్టీ.”